పదమూడో స్థానం పెద్దాయన

పెద్దాయన రాసిన వ్యాసాల్లో స్కోరు ఎప్పుడూ చివరి లైన్లో ఉండేది. ఒక్కోసారి అక్కడా ఉండేది కాదు. డ్రమ్ కోర్ (బ్రాస్ వాయిద్యాలు, డ్రమ్ములు వాయిస్తూ మైదానంలో మార్చ్ చేసే కుర్రాళ్ల బృందం) పోటీల గురించి రాసేవాళ్లు మామూలుగా గెలిచిందెవరు, ఎంత తేడాతో గెలిచారు అన్నదే ముందు చెప్తారు. వాళ్లని అనడానికీ లేదు. 2008 ఫైనల్స్‌లో ఫాంటమ్ రెజిమెంట్ అనే కోర్‌కి 98.125 వస్తే బ్లూ డెవిల్స్‌కి 98.100 వచ్చింది. ఆ కాస్త తేడాకే టైటిల్ చేతులు మారినప్పుడు అంకెల పిచ్చి పట్టకుండా ఎలా ఉంటుంది? కానీ ఫైనల్స్‌కి పన్నెండు కోర్‌లే వెళ్తాయి కనక, ఈయన పదమూడో కోర్ దగ్గర మొదలుపెట్టేవారు. అక్కణ్ణించి కిందికి వెళ్లేవారు. పైవాళ్ల సంగతి రాయడానికి బోలెడు మంది ఉన్నారు కదా అని ఆయన లెక్క.

అమెరికాలో హైస్కూల్ పిల్లలున్న మన తెలుగువాళ్లకి మార్చింగ్ బ్యాండ్ కొత్త కాదు. ఫ్రిస్కోలో, ఎడిసన్‌లో ఏ స్కూల్ బ్యాండ్ చూసినా మన పిల్లలు కనపడుతూనే ఉంటారు. డ్రమ్ కోర్ దాని పై మెట్టు. క్లారినెట్లు, ఫ్లూట్లు ఉండవు. బ్రాస్ వాయిద్యాలు, డ్రమ్ములు, జెండాలూ చెక్క రైఫిళ్లూ గాల్లోకి ఎగరేసి పట్టుకునే కలర్ గార్డ్, అంతే. ఇరవయ్యొకటేళ్లు దాటితే చేర్చుకోరు. మే నెలాఖర్లో వెళ్తే ఆగస్టు రెండో వారం దాకా బస్సే ఇల్లు. ఏదో ఒక ఊళ్లో స్కూల్ జిమ్ నేల మీద పడక, పగలంతా ఎండలో ప్రాక్టీసు, రాత్రి షో, షో అవగానే మళ్లీ బస్సు. దీనికి వాళ్లు మనకి ఇచ్చేదేమీ లేదు, మనమే వేల డాలర్లు ఫీజు కట్టాలి. మా అమ్మాయి చేరతానన్నప్పుడు మా ఆయన, "డబ్బులిచ్చి మరీ నేల మీద పడుకోవడం దేనికి?" అని అడిగారు. జవాబు నా దగ్గరా లేదు.

మా అమ్మాయి మెలోఫోన్ వాయించేది. చూడ్డానికి పెద్ద ట్రంపెట్‌లా ఉంటుంది. ఫ్రెంచ్ హార్న్ పట్టుకుని నడవడం కష్టం కాబట్టి మార్చింగ్‌లో దాని బదులు ఇది వాడతారు. మా అమ్మాయికి సీటొచ్చింది ఓపెన్ క్లాస్‌లో, అంటే చిన్న కోర్‌ల విభాగంలో, ఒక కోర్‌లో. పేరున్న కోర్‌లలో నూటయాభై మంది దాకా ఉంటే దీంట్లో సగం మంది కూడా లేరు. అలాంటి కోర్‌లు నడిచేది తల్లిదండ్రుల చాకిరీ మీదే. నేను సెలవు పెట్టి వంట ట్రక్కులో సాయానికి వెళ్లాను. ట్రక్కు అంటే పొడుగాటి ట్రెయిలర్. లోపల పొయ్యిలు, ఫ్రిజ్‌లు, గట్టు. పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం, షో తర్వాత మళ్లీ రాత్రి, రోజుకి నాలుగు పూటలు. పిల్లలు వరసగా వచ్చి ప్లేట్లు నింపుకుని గడ్డిలో కూర్చుంటారు.

పెద్దాయన్ని నేను మొదట చూసింది అక్కడే, గిన్నెలు తోముతూ. ట్రక్కు వెనక మూడు పెద్ద ప్లాస్టిక్ తొట్లు. ఒకదాంట్లో సబ్బునీళ్లు, ఒకదాంట్లో మంచినీళ్లు, మూడోదాంట్లో బ్లీచ్ కలిపిన నీళ్లు. మోచేతుల దాకా నురగ. డెబ్భై దాటిన మనిషి, ఎవరో పిల్లల తాతగారనుకున్నాను. రెండో రోజు వంట చేసే ఆవిడ చెప్పింది, ఆయన పిల్లలెవరూ ఇందులో లేరని, న్యూజెర్సీలో పోస్టాఫీసు ఉద్యోగం చేసి రిటైరయ్యారని, నలభై ఏళ్లకి పైగా డ్రమ్ కోర్‌ల గురించి రాస్తున్నారని. మరి గిన్నెలు తోమడం ఎందుకు? ఎంగిలి ప్లేటు తెచ్చి ఇచ్చేటప్పుడు పిల్లలు ఓ నిమిషం నిలబడి మాట్లాడతారు. కూర్చోబెట్టి నోట్‌బుక్ తెరిస్తే బిగుసుకుపోతారు. ఆయన నోట్‌బుక్ ఎక్కడో పైన షెల్ఫు మీద ఉండేది, తడి చేతులు తుడుచుకుని మధ్యమధ్యలో వెళ్లి రెండు ముక్కలు రాసుకుని వచ్చేవారు. ఆ నోట్‌బుక్ కాగితాలన్నీ అంచుల్లో ఉబ్బిపోయి ఉండేవి.

పరిచయం పెరగడానికి కారణం మన బ్యాండు మేళం. ఒక మధ్యాహ్నం ఉల్లిపాయలు తరుగుతుంటే, మీ దేశంలో పిల్లలు ఇలా మార్చింగ్ చేస్తారా అని అడిగారు. స్కూల్లో ఎన్‌సీసీ పరేడ్ తప్ప నాకేం తెలుసు? కానీ పెళ్లి బ్యాండు గుర్తొచ్చి చెప్పాను. గుడివాడలో మా వీధిలో పెళ్లి ఊరేగింపు వస్తోందంటే ముందు ట్రంపెట్ వినపడేది. రంగు వెలిసిన ఎర్రకోట్లు, భుజాల మీద బంగారు కుచ్చులు, తలమీద ఎత్తు టోపీలు, మెడలో వేలాడే సైడ్ డ్రమ్ము, కొత్త సినిమా పాట. పక్కన రెండు వరసల్లో పెట్రోమాక్స్ లైట్లు తల మీద పెట్టుకుని నడిచే ఆడవాళ్లు. ఆయన కత్తి కింద పెట్టేసి విన్నారు. ఆ కోట్లు ఎక్కణ్ణించి వచ్చాయో ఆయనకి నాకన్నా ముందు అర్థమైంది. బ్రిటిష్ పటాలాల బ్యాండ్ల నుంచి. ఇక్కడ డ్రమ్ కోర్‌ల కోట్లూ టోపీలూ కూడా సైన్యం నుంచి వచ్చినవే. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లు అమెరికన్ లీజియన్ అని మాజీ సైనికుల సంఘం పెట్టుకుని, అప్పటికే ఉన్న వీఎఫ్‌డబ్ల్యూ అనే ఇంకో సంఘంలోనూ చేరి, ఊరూరా బ్యూగిళ్లూ డ్రమ్ములూ మోగించారు. తర్వాత తమ పిల్లలకి నేర్పించారు. చర్చిలు, స్కౌట్ దళాలు అందుకున్నాయి. మన దగ్గర ఆ కోటు పెళ్లిలో చేరింది, వీళ్ల దగ్గర ఫుట్‌బాల్ మైదానంలో చేరింది.

అదంతా చెప్పాక ఆయన, "ఆ దీపాలు మోసే ఆడవాళ్ల పేర్లేమిటి?" అని అడిగారు.

నాకు తెలీదు. మా ఇంట్లో ఎవరికీ తెలిసుండదు. బ్యాండు మాస్టారి పేరు మాత్రం మా నాన్నగారికి తెలుసు. "చూశారా, ఎక్కడైనా అంతే," అని మళ్లీ ఉల్లిపాయల మీద పడ్డారు.

ఆయన రాతల్లో బస్సు డ్రైవర్ల పేర్లుండేవి. యూనిఫారాలకి జిప్పులు కుట్టిన అమ్మల పేర్లుండేవి. కాలు బెణికి సైడ్‌లైన్‌లో కూర్చుని తన చోటు ఖాళీగా కదలడం చూస్తున్న పిల్లవాడి గురించి ఒక పేజీ ఉండేది. (డ్రిల్‌లో ఒకరు తప్పుకుంటే ఆ చోటు అలాగే ఖాళీగా నడుస్తుంది, పక్కవాళ్లు సర్దుకోరు. మొదటిసారి చూసినప్పుడు పన్నూడిన నోరులా అనిపించింది నాకు.) చదవడానికి ఓపిక కావాలి, అది నిజం. వాక్యాలు పొడుగు, బ్రాకెట్లలో బ్రాకెట్లు, ఒక షో గురించి మొదలుపెట్టి 1968లో ఏదో పల్లెటూరి పరేడ్‌లోకి వెళ్లిపోయేవారు. ఎడిటర్లు సగానికి కోసేవాళ్లట. కోసిన ముక్కలన్నీ దాచుకునేవారు.

ఆయన చిన్నప్పటి కోర్ కూడా చర్చిదే. ఉత్తర న్యూజెర్సీలో ఆ రోజుల్లో ప్రతి పేరిష్‌కీ, అంటే ఒక్కో చర్చి పేటకీ, ఒకటుండేదిట. గార్‌ఫీల్డ్ ఊళ్లో 1934లో పుట్టిన హోలీ నేమ్ కేడెట్స్ వాటిలో మహా గట్టిది. ఆ కోరే తర్వాత గార్‌ఫీల్డ్ కేడెట్స్‌గా 1983, 84, 85 వరసగా మూడేళ్లు జాతీయ టైటిల్ కొట్టింది. పెద్దాయనది అంత గొప్పది కాదు. పరేడ్‌లలో వాయించే చిన్న గుంపు, నాలుగైదేళ్లలో మూతపడింది. చేతికిచ్చిన బ్యూగిల్‌కి స్వరం మార్చడానికి ఒక పిస్టన్, ఒక రోటర్, అంతే. దాంతో పలికే స్వరాలు కొన్నే, ఆ కొన్నిటితోనే పాట కట్టుకోవాలి. రెండు పిస్టన్ల బ్యూగిళ్లకి అనుమతి 1977లో వచ్చింది, మూడు పిస్టన్లకి 1990లో. 2000లో ఏ శ్రుతి వాయిద్యమైనా సరే అన్నారు. "స్వరాలన్నీ దొరికాక వీళ్లకి పాట వెతుక్కునే పని తప్పిపోయింది," అని గొణిగేవారు. ఈ మాటతో నేను ఒప్పుకోను. మా అమ్మాయి వాళ్లు వెతుక్కోవడం నేను కళ్లారా చూశాను. కానీ ఆయనతో వాదిస్తే సాయంత్రం భోజనం ఆలస్యమయ్యేది.

జడ్జీల గురించి ఆయన చెప్తే సినిమాలా ఉండేది. 1983 దాకా జడ్జీలు అట్ట పట్టుకుని మైదానంలో పిల్లల మధ్యే తిరిగేవాళ్లు. కాలు తప్పితే ఒక గీత, డ్రమ్ పుల్ల తేడాగా పడితే ఒక గీత, గీతకి పదోవంతు పాయింటు కోత. దాన్ని టిక్ అనేవాళ్లు. ఆ తప్పుల లెక్కలో కోర్ అడుగు వేసేటప్పటికి పూర్తి మార్కులు, అక్కణ్ణించి ఎంత పోగొట్టుకుంటావన్నదే పోటీ. ఒక పిల్లవాడి మొహం ముందే నిలబడి గీత గీసేవాళ్లట. ఆ పిల్లవాడు కన్నార్పకూడదు. 1984 నుంచి అది తీసేసి, బాగున్నదానికి మార్కులు వేసే పద్ధతి తెచ్చారు. పాతకాలం మనిషి కదా, టిక్ పోయినందుకు ఏడుస్తారేమో అనుకున్నాను. ఆ ఒక్కటి పోయినందుకు మాత్రం సంతోషించారు. తప్పులు లెక్కపెట్టడానికి మనుషుల్ని నియమించడమేంటని.

మైకులూ సింథసైజర్ల మీద ఆయన కోపం ఇంకోరకం. 2004లో మైకులు రానిచ్చారు, 2009లో సింథసైజర్లు. ఆ కాలం నాటి ఆయన వ్యాసాలు చదివితే తిట్లదండకమే. ఓ వ్యాసం చదివి ఒక కోర్ డైరెక్టర్ ఏడాది పాటు పలకరించలేదట. పెన్సిల్వేనియాలో అలెన్‌టౌన్ అనే ఊళ్లో జె. బర్నీ క్రమ్ స్టేడియం ఆయనకి గుడిలాంటిది. అదొక పాత హైస్కూల్ స్టేడియం, ఏటా తూర్పు రాష్ట్రాల పెద్ద షో అక్కడే. ఆ మెట్ల మీద కూర్చుంటే ఎనభై హార్నులు ఒక్కసారి మనవైపు తిరిగినప్పుడు గుండె మీద చెయ్యి పెట్టి నెట్టినట్టుంటుంది. అక్కడ స్పీకర్లు ఎందుకన్నది ఆయన ప్రశ్న. ఆ రాత్రి అక్కడ కూర్చున్నాక నాకూ అదే అనిపించింది.

1971లో కోర్‌ల డైరెక్టర్లు, మాజీ సైనికుల సంఘాలు పెట్టే రూల్సు ఇంక చాలని, సొంతంగా డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ పెట్టుకున్నారు. అందరూ డీసీఐ అంటారు. మొదటి చాంపియన్‌షిప్ 1972 ఆగస్టులో విస్కాన్సిన్‌లో వైట్‌వాటర్ అనే ఊళ్లో. గెలిచింది కాలిఫోర్నియా నుంచి వచ్చిన అనహైమ్ కింగ్స్‌మెన్. పెద్దాయన ఈ కథ ఎవరికి చెప్పినా ఒక్క మాట చేర్చేవారు: ఆ మొదటి చాంపియనే తర్వాత మూతపడిందని. న్యూజెర్సీ బెయోన్‌లో బ్రిడ్జ్‌మెన్ అనే కోర్‌వాళ్లు పోయారు, పొడుగు పసుప్పచ్చ కోట్లూ వెడల్పు టోపీలూ వేసుకుని, షోలో కోర్ మొత్తం మూర్ఛపోయినట్టు నేల మీద పడి జనాన్ని నవ్వించినవాళ్లు. 1980 లేక్‌ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో వాయించిన రెవీర్ ఊరి ట్వంటీసెవెన్త్ లాన్సర్స్ పోయారు. బస్సులకి డీజిల్, ఇన్సూరెన్సు, వాయిద్యాల అప్పులు, కోర్ ఖర్చులకి బింగో ఆటలు పెట్టి సేకరించే డబ్బు తగ్గిపోవడం. గెలిచిన కోర్ పోతే పేపర్లో వస్తుంది. ఇరవయ్యో స్థానంలో ఉన్నది పోతే మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. ఆయన రాత మొత్తం ఈ భయంలోంచి వచ్చిందని నా అనుమానం. ఆయన కోర్ కూడా అలాగే పోయింది మరి.

రాసేవాళ్లలో ఆయన మెచ్చుకున్నది మైకేల్ బూ గారిని. 1975 నుంచి 77 దాకా కావలియర్స్‌లో మార్చ్ చేసిన మనిషి, ఇండియానాలో చెస్టర్టన్ నివాసం, స్వతహాగా సంగీతం కట్టేవారు, డీసీఐ కోసం దశాబ్దాల పాటు రాశారు. వారానికొక పాత షో తీసుకుని, ఒక కోర్, ఒక సంవత్సరం, ఏ పాటలు వాయించారు, ఎలా సాగింది అని చెప్పేవారు. ఫిగర్ స్కేటింగ్ చరిత్ర మీద కూడా ఒక పుస్తకం రాశారు. పెద్దాయన ఆ వ్యాసాలు ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకునేవారు. మార్జిన్లలో పెన్సిల్‌తో తన గొడవ. "ఈయన రెండు పేజీల్లో చెప్పగలుగుతున్నాడు, నావల్ల కాదు," అని నాతో ఒకసారి కాస్త కుళ్లుగానే అన్నారు.

పోటీల పెద్దవారం ఇండియానాపొలిస్‌లో, లూకస్ ఆయిల్ స్టేడియంలో. 2009 నుంచి ఫైనల్స్ అక్కడే. గురువారం ప్రిలిమ్స్‌లో కింది ర్యాంకువాళ్లు ముందు, పైవాళ్లు చివర. అంటే మా అమ్మాయి కోర్ లాంటివి పొద్దున్నే వస్తాయి. అరవై వేల పైచిలుకు సీట్ల స్టేడియంలో ఆ వేళకి ఉండేది అమ్మానాన్నలు, పాప్‌కార్న్ అమ్మేవాళ్లు. పెద్దాయన తలుపులు తీయకముందే బయట నిలబడి ఉండేవారు, సంచీలో ఒక శాండ్‌విచ్, బైనాక్యులర్స్, మూడు పెన్నులు. మొదటి కోర్‌ని నిలబడి చూసేవారు. మధ్యాహ్నం జనం నిండి, పెద్ద కోర్‌లు వస్తుంటే ఆయన కునికిపాట్లు పడేవారు. నేను మోచేత్తో పొడిస్తే, "నా పని అయిపోయింది," అనేవారు. బ్లూ డెవిల్స్ షోలో నిద్రపోయిన మనిషిని నేనింకెవర్నీ చూడలేదు.

మా అమ్మాయి గురించి ఆయన రాసింది రెండు వాక్యాలు, పేరుతో సహా. వర్షం పడి తడిసిన గడ్డిలో వెనక్కి నడుస్తూ, చివరి వరసలో, పక్కవాళ్ల ఊపిరి విని అడుగు కలుపుకుంటోందని. అది నిజంగా అలాగే చేస్తుందని దానికి తప్ప ఎవరికీ తెలీదు. గిన్నెల దగ్గర ఎప్పుడో చెప్పి ఉంటుంది. స్కూల్లో వచ్చిన పతకాలన్నీ ఎక్కడో డబ్బాలో ఉన్నాయి గానీ ఆ కాగితం మాత్రం ఫ్రేమ్ కట్టించుకుంది.

2020 మా అమ్మాయికి చివరి సీజన్ కావాలి. కోవిడ్‌తో ఆ ఏడాది టూర్ మొత్తం రద్దయింది. 1972 తర్వాత డీసీఐ చాంపియన్‌షిప్ జరగని మొదటి వేసవి అదే. కొన్ని నెలలు మెలోఫోన్ పెట్టె మంచం కిందికి తోసేసి అటు చూడలేదు. ఏడాది తిరిగేసరికి ఉద్యోగంలో పడింది. ఆ వేసవి పెద్దాయన ఇంట్లో ఒంటరిగా ఉండి, షోలు లేని ప్రతి వారం ఒక ఉత్తరం రాసి మాలాంటివాళ్లకి పోస్టులో పంపించారు. ఒక్కో ఉత్తరం మూతపడ్డ ఒక్కో కోర్ మీద. టైప్‌రైటర్ కాదు, చేత్తోనే. పోస్టాఫీసు మనిషి కదా, స్టాంపులు అతికించడంలో కూడా నీటు. మా అమ్మాయి మొదట్లో తీసి పక్కన పెట్టేసేది. జూలైలో వచ్చిన ఒకటి చదివి, మెలోఫోన్ బయటికి తీసి, గ్యారేజీలో వాయించింది. ఏ కోర్ గురించిన ఉత్తరమో చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ తర్వాత ఒక చలికాలంలో ఆయన పోయారు. నిద్రలోనే. అంత్యక్రియలకి ఎవరొస్తారులే అనుకున్న వాళ్ల మేనకోడలు కుర్చీలు చాలక పక్కింటి నుంచి తెప్పించింది. వచ్చినవాళ్లలో సగం మంది ఆయన్ని మూడు నాలుగుసార్లకి మించి చూడనివాళ్లు. ఎవరి జేబులో చూసినా, పర్సులో చూసినా ఒక పాత పేపర్ ముక్క, తమ పేరున్నది. ఒక డెబ్భై ఏళ్ల ఆవిడ తను కుట్టిన జిప్పుల గురించి ఆయన రాసిన పేరా చదివి వినిపించింది. బాగా నవ్వారు అందరూ. చావు ఇంట్లో అంత నవ్వు నాకు అలవాటు లేదు, కాస్త ఇబ్బందిగానే అనిపించింది, తర్వాత నేనూ నవ్వాను.

ఆయన కాగితాలు అట్టపెట్టెల్లో మా బేస్‌మెంట్‌లోకి వచ్చాయి. మేనకోడలికి అపార్ట్‌మెంట్లో చోటు లేదు. శని ఆదివారాల్లో కూర్చుని స్కాన్ చేస్తున్నాను. పనేం త్వరగా తెమిలేది కాదు. ఎడిటర్లు కోసేసిన ముక్కలు విడిగా ఒక పెట్టె. ఫోటోల వెనక పెన్సిల్‌తో వరసగా పేర్లు, కొన్ని చోట్ల ప్రశ్నార్థకం. ఒక ఫోల్డర్ మిగతావాటికన్నా లావుగా ఉంది, పైన బోస్టన్ అని రాసుంది. బోస్టన్ క్రూసేడర్స్ 1940లో పుట్టిన కోర్. డీసీఐని మొదలుపెట్టిన కోర్‌లలో ఒకటి. అయినా ఫైనల్స్ మెట్టు మొదటిసారి ఎక్కింది 1999లో. ఆ ఫోల్డర్ నిండా ఉన్నవి 1999కి ముందువే. ఫైనల్స్ చేరాక ఇక ఆయన వాళ్ల గురించి పెద్దగా రాయలేదు.

2025 ఆగస్టులో ఆ బోస్టన్ క్రూసేడర్స్ గెలిచారు. మొదటి టైటిల్. రాత్రి ఇండియానాపొలిస్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. ఇప్పుడది ఒక కోర్‌లో మెలోఫోన్ పిల్లలకి నేర్పిస్తోంది. వెనక గోలలో దాని గొంతు సగమే వినపడింది. "ఆయనుంటే ఏమనేవారో!" అంది. ఏమనేవారు, పదమూడో స్థానం ఎవరికొచ్చిందని అడిగేవారు. నేను కింది నుంచి ఆ ఫోల్డర్ తెచ్చి, ఫోన్లోనే ఒక కాగితం చదవడం మొదలుపెట్టాను. ఎడిటర్ కొట్టేసిన పేరా, ఎనభైల నాటిది. వానలో బస్సు చెడిపోతే బరువైన కాంట్రాబేస్ హార్నులు భుజాన వేసుకుని స్టేడియం దాకా నడిచివెళ్లిన కుర్రాళ్ల పేర్లు, వరసగా. నాలుగో పేరు దగ్గర మా అమ్మాయి ఆపింది.

"అమ్మా, మళ్లీ చదువు. మా కోర్‌లో బ్రాస్ నేర్పే టెక్ ఉన్నాడు కదా, వాళ్ల నాన్న పేరది."

మర్నాడు కాగితం ఫోటో తీసి పంపించాను. వాళ్ల నాన్నకి ఆ వాన గుర్తుందట, బస్సూ గుర్తుందట. తన గురించి ఎవరో రాశారని మాత్రం ఇప్పుడే తెలిసిందట. మిగతా ముగ్గురిలో ఒకతన్ని తనే వెతికిపెడతానన్నాడు.